మీది ఏ లైను?

ఊరుగాని ఊరిలో ఒక తెలుగువాడికి మరొక తెలుగువాడు తారసపడితే మూడు ప్రశ్నలు తప్పవు. తమరిది ఏ ఊరండీ? ఇంటిపేరేమిటి? ఏ లైనులో ఉన్నారు? మొదటి రెండింటికీ జవాబు మన తాతలు ఇచ్చిపోయినదే. మూడవదానికి మాత్రం ఎవరి జవాబు వారే సంపాదించుకోవాలి. ఆ జవాబును బట్టే ఎదుటివారు కుర్చీ వేయడమో, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపడమో జరుగుతుంది. ఇది మన కుటుంబాలలో అందరికీ అనుభవమే కనుక విస్తరించనక్కరలేదు.

ఈ "లైను" అన్న మాట మన ఇళ్ళలో ఎంతగా కలిసిపోయిందంటే, బట్టల లైను, మందుల లైను, సినిమా లైను అంటూ ఇంగ్లీషు అక్షరం రాని మన అమ్మమ్మలు కూడా నిస్సంకోచంగా వాడేవారు. సరిగా ఆ మాటనే పేరులో పెట్టుకుని అమెరికాలో ఒక టెలివిజన్ ఆట పదిహేడున్నర సంవత్సరాలు నడిచింది. దాని పేరు "వాట్స్ మై లైన్?". నేను చేసే పని ఏమిటో చెప్పుకోండి చూద్దాం అని దాని భావం. 1950 ఫిబ్రవరి 2న మొదలై, 876 ప్రసారాలు సాగి, 1967 సెప్టెంబరు 3న ముగిసింది. ఇక్కడ ఉండిన మన పెద్దలు దీనిని చూసి ఉండరు. టెలివిజన్ ఢిల్లీలో ప్రయోగంగా 1959లో మొదలైనా, బొంబాయికి 1972లో, మద్రాసుకు 1975లో, హైదరాబాదుకు 1977లో గాని రాలేదు గదా. ఆనాటి ఫిల్ములు నేడు మనబోటివారికి కూడా చూడ దొరుకుతున్నవి. తీరిక చేసుకుని కొన్నిటిని మేము చూశాము. చూసినకొద్దీ ఇది వట్టి కాలక్షేపం కాదని తోచింది. మనిషికీ, మనిషి చేసే పనికీ ఉన్న సంబంధం మీద అల్లిన ఆట ఇది. అట్టి ఆటలోనే ఒక పెద్దమనిషికి తన పని తనది కాకుండా పోయింది. ఆ రెండు ముచ్చటలూ కలిపి ఈ ఉగాది సంచికలో చెప్పాలని మా ఉద్దేశం.

ముందుగా ఆట తీరు. న్యూయార్కు నగరంలో సి.బి.ఎస్. కంపెనీ వారి స్టూడియో. పొడవాటి బల్ల వెనుక నలుగురు ప్రశ్నకర్తలు. వేరొక బల్ల దగ్గర అధ్యక్షుడు. ఒక పక్క నల్లబల్ల. అతిథి లోపలికి వస్తూనే ఆ నల్లబల్ల మీద సుద్దముక్కతో తన పేరు రాయాలి. రాసి, అధ్యక్షుని పక్కన కూర్చోవాలి. అతని పని ఏమిటో స్టూడియోలోని ప్రేక్షకులకూ, ఇళ్ళలో చూస్తున్నవారికీ అక్షరాలలో చూపిస్తారు. తెలియనిది ఆ నలుగురికే. వారు అడిగే ప్రశ్నకు అవును, కాదు అన్న రెండు జవాబులు తప్ప మూడవది ఉండరాదు. అవునన్నంతసేపూ ఒక్కరే అడుగుతూ పోవచ్చు. కాదన్న ప్రతిసారీ అధ్యక్షుడు తన ముందున్న అట్ట ఒకటి తిప్పుతాడు, అతిథికి ఐదు డాలర్లు జమ, వంతు పక్కవారికి పోతుంది. పది "కాదు"లు నిండితే అతిథి గెలిచినట్లు. పెద్ద బహుమానం మొత్తం 50 డాలర్లు. అంతకు మించి లేదు.

మన పొడుపుకథలోని కిటుకే ఇక్కడా ఉన్నది. జవాబు తెలిసినవారి మధ్య తెలియనివాడు చిక్కుకుంటే, వాడు తెలివైనవాడైన కొద్దీ నవ్వు ఎక్కువ. అతిథి పరుపులు కుట్టించి అమ్మే వ్యాపారి అనుకోండి. "మీ సరుకు నేను వాడవచ్చునా?" అవును. "నాకు దానివల్ల సుఖం కలుగుతుందా?" అవును. "దానిని ఆఫీసులో కూడా వాడుతారా?" ఇక్కడ ప్రేక్షకులు పొట్ట పట్టుకుంటారు. అడిగిన పెద్దమనిషి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియక నలువైపులా చూస్తాడు.

నవ్వు సంగతి అలా ఉండగా, ఆ ప్రశ్నల క్రమం మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించింది. మీరు జీతానికి పనిచేస్తారా, సొంతమా? మీరు పనిచేసే సంస్థ లాభం కోసం నడిచేదేనా? మీ పనిలో ఒక వస్తువు తయారవుతుందా, లేక జనానికి సేవ చేస్తారా? మీ దగ్గరకు జనం వస్తారా, మీరే వారి దగ్గరకు వెళతారా? ఆడవారూ మగవారూ కూడా వస్తారా? వచ్చినవారు వెళ్ళేటప్పుడు సంతోషంగా వెళతారా? నాలుగైదు ప్రశ్నలలో లోకంలోని సగం వృత్తులు కొట్టివేయబడేవి. మరి నాలుగింటిలో మిగిలిన సగంలో సగం. వస్తువు ఉన్నదని తేలితే దాని పరిమాణం పట్టుకోవాలి. స్టీవ్ ఆలెన్ అనే హాస్యనటుడు 1953 జనవరిలో ఒకనాడు "అది రొట్టెల డబ్బా కంటె పెద్దదా?" అని అడిగాడు. అమెరికా వంటింట రొట్టె ఆరిపోకుండా దాచుకునే పెట్టె అది. ఆ ప్రశ్న దేశమంతటా పాకింది. పిల్లలు కూడా ఆటలలో అదే అడగసాగారట. మన ఇళ్ళలో అయితే బిందె కంటె పెద్దదా అని అడిగి ఉందుము కాబోలు.

తొలి సంవత్సరాలలో మరొక తంతు ఉండేది. పేరు రాసిన తరువాత అతిథి ఆ నలుగురి ముందు నుంచి నడిచి వెళ్ళాలి. వారు చేతులు చూసేవారు. బట్టలు, నడక, బూట్లు పరికించేవారు. ఒక్కొక్కరు ప్రశ్న లేకుండానే ఒక ఊహ విసిరేవారు. ఆ ఊహలు తరచు బోర్లాపడేవి. 1950ల నడుమకు ఈ పరీక్ష తీసివేశారు. తీసివేయడమే మంచిదయిందని మా అభిప్రాయం. ముఖం చూసి పని నిర్ణయించడం ఎట్లా ఉంటుందో వలస వచ్చినవారికి ఒకరు చెప్పాలా? సోలాపూరులో తెలుగు మాట వినపడితే మగ్గం పని అనుకుంటారు. బొంబాయిలో కామాఠీపురా అన్న పేట పేరే అక్కడ తాపీపనికీ కూలికీ వెళ్ళి స్థిరపడిన తెలుగువారి నుంచి వచ్చినది. మగ్గం పని గొప్ప పని, ఇల్లు కట్టడం గొప్ప పని. అయినా అడగకుండానే చెప్పేస్తే మనసు చివుక్కుమంటుంది. కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండవలసింది అనిపిస్తుంది.

ఈ ఆట పుట్టుక కూడా అట్టి ఊహలలోనే ఉన్నది. దారిన పోయేవారిని చూసి వీరి పని ఏమై ఉంటుందని పందెం వేసుకునే అలవాటు గల బాబ్ బాక్ అనే ఉద్యోగి మార్క్ గుడ్‌సన్, బిల్ టాడ్‌మన్ అనే ఇద్దరు భాగస్వాముల దగ్గర ఉండేవాడు. అతని పందేల నుంచే ఆట తయారయింది. ఆ రోజులలో అమెరికాలో నూటికి తొమ్మిది ఇళ్ళలో మాత్రమే టెలివిజన్ ఉండేది. పదేళ్ళు తిరిగేసరికి నూటికి ఎనభై ఏడు ఇళ్ళు అయినవి. ఈ కార్యక్రమం ఆ ఇళ్ళతో పాటే పెరిగింది. ఆదివారం రాత్రి పదిన్నరకు, మరునాడు పనికి వెళ్ళవలసిన జనం నిద్రపోయే ముందు దీనిని చూసేవారు.

మొదటి రాత్రి వచ్చిన అతిథులలో ఒకామె స్టార్క్ క్లబ్ అనే ధనికుల విందుశాలలో, వచ్చినవారి టోపీలు, కోట్లు తీసుకుని దాచి ఇచ్చే పిల్ల. రోజూ వందలమంది ఆమె చేతికి టోపీ ఇచ్చేవారు. ముఖం చూసినవారు ఎందరో తెలియదు. ఆ రాత్రి ఆమె పేరు నల్లబల్ల మీద రాసుకుంది. పేరున్న పెద్దమనుషులు నలుగురు ఆమె ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తల గోక్కున్నారు. ఈ ఆటలోని సొగసంతా ఇందులోనే ఉన్నదని మేము అనుకుంటాము. సామాన్యమైన పని చేసేవారు పది నిమిషాలసేపు రహస్యం గలవారవుతారు.

ప్రశ్నకర్తల సంగతి కొంత చెప్పాలి. అధ్యక్షుడు జాన్ డేలీ దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌లో పుట్టినవాడు. వార్తలు చెప్పడం ఆయన అసలు వృత్తి. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీద జపాను దాడి జరిగిన వార్తను సి.బి.ఎస్. రేడియో శ్రోతలకు చెప్పిన గొంతు ఆయనదే. 1945 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ మరణవార్త చెప్పినదీ ఆయనే. 1953 నుంచి 1960 వరకు పోటీ కంపెనీ అయిన ఏ.బి.సి.లో వార్తల విభాగానికి ఉపాధ్యక్షుడుగా ఉంటూ, ఆదివారం రాత్రి వచ్చి సి.బి.ఎస్.లో ఈ ఆట నడిపేవాడు. ఇప్పటి కంపెనీలు ఇట్టిది ఒప్పుకుంటాయా? ఆయన మర్యాద చూడవలసినదే. అవును, కాదు అని తేల్చలేని ప్రశ్న వస్తే ఎంతో పొడవైన వాక్యంలో, కొమ్మల మీద కొమ్మలు వేసి, అతిథి తరఫున వివరించేవాడు. ఆ వాక్యం ముగిసేసరికి అడిగినవారే ప్రశ్న మరచిపోయేవారు.

మగవారు నల్లకోటు, మెడకు విల్లుముడి. ఆడవారు విందు దుస్తులు. ఆటకు అంత ముస్తాబు ఎందుకని నేటివారు అడగవచ్చు. వచ్చిన అతిథి కసాయివాడైనా, గుర్రపునాడాలు కొట్టేవాడైనా ఆ నలుగురూ ఆ ముస్తాబుతోనే ఎదురు కూర్చునేవారు. ఒకరినొకరు గారు పెట్టి పిలుచుకునేవారు. మాకు అది డాబుగా తోచలేదు.

డొరొతీ కిల్‌గాలెన్ న్యూయార్కు పత్రికలో వ్యాసాలు రాసేది. పెద్ద హత్యానేరాల విచారణలకు వెళ్ళి రాయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆట అని ఊరుకునేది కాదు. వకీలు సాక్షిని నిలదీసినట్లు అడిగేది. పక్కన ఆర్లీన్ ఫ్రాన్సిస్ అనే నటి; మెడలో హృదయాకారపు చిన్న పతకం, మాటలో మెత్తదనం. చివరన బెన్నెట్ సెర్ఫ్, రాండం హౌస్ అనే పుస్తక ప్రచురణ సంస్థ పెట్టిన ఇద్దరిలో ఒకడు. మాటల విరుపులంటే ప్రాణం. జాయిస్ నవల "యులిసిస్" మీద అమెరికాలో ఉన్న నిషేధాన్ని ఎత్తివేయించడానికి కోర్టుకెక్కి 1933లో గెలిచిన సంస్థ ఆయనదే. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందని మనవి. ఎందుకంటే ఆయన కూర్చున్న కుర్చీ మొదట ఆయనది కాదు.

కార్యక్రమం చివరలో పేరు మోసిన వ్యక్తి ఒకరు వచ్చేవారు. అప్పుడు నలుగురికీ కళ్ళకు గంతలు. వచ్చినవారు గొంతు మార్చి జవాబు చెప్పేవారు. మొదటి రాత్రి వచ్చినది బేస్‌బాల్ ఆటగాడు ఫిల్ రిజూటో. తరువాత ఎలియనార్ రూజ్‌వెల్ట్, వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, వాల్ట్ డిస్నీ, హిచ్‌కాక్ ఇట్లా ఎందరో. 1957 జనవరిలో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చాడు. నల్లబల్ల నిండేటట్లు సంతకం చేసి కూర్చుని, ఏది అడిగినా అవునన్నాడు. మీరు రచయితా? అవును. నాటకరంగంలో ఉన్నారా? అవును. క్రీడలతో సంబంధం ఉన్నదా? దానికీ అవునే. పాపం డేలీ గారు మధ్యలో అడ్డుపడి, ఆ అర్థంలో కాదండీ అని సర్దలేక సతమతమయ్యాడు. నలుగురూ ఈ లోకంలో ఈ మనిషి చేయని పని లేదా అని విసుగెత్తారు. ఆ పూట ఫిల్ము దొరికితే తప్పక చూడవలసిందిగా మా సిఫారసు.

అట్లాంటిక్ దాటి ఈ ఆట ఇంగ్లండు చేరినది 1951 జూలై 16న. బి.బి.సి. వారి దగ్గర డబ్బు బహుమానం లేదు, గెలిచినవారికి ఒక యోగ్యతాపత్రం మాత్రమే. దానికి బదులుగా ఒక చమత్కారం చేర్చారు: అతిథి తన పనిలో ఒక కదలికను మూకాభినయం చేసి చూపాలి. మొదట్లో ఈమన్ ఆండ్రూస్, గిల్బర్ట్ హార్డింగ్ వంతులవారీగా అధ్యక్షత వహించాలనుకున్నారు. హార్డింగ్ వంతు వచ్చిన రోజున అతిథుల వరుస తారుమారయింది. ఎదుట కూర్చున్నది మోటారు మెకానిక్కు. హార్డింగ్ చేతిలోని కాగితం ప్రకారం అతడు ఆసుపత్రిలో రోగులను చూసే మగ నర్సు. ఒకరి పనికి మరొకరి జవాబులు సరిచేస్తూ పోతే ఆట ఏమవుతుంది! ఆ దెబ్బతో హార్డింగ్ ప్రశ్నకర్తల వరుసలోకి మారి, తన కోపిష్ఠితనంతోనే దేశమంతా ప్రసిద్ధుడైపోయాడు. ఆయన పక్కన కూర్చునే లేడీ ఇసొబెల్ బార్నెట్‌ను జనం పెద్దింటి ఇల్లాలుగానే ఎరుగుదురు. ఆమె చదివి పట్టా పుచ్చుకున్న వైద్యురాలు. ఆ సంగతి కనుక్కొమ్మని ఎవరూ ఆట పెట్టలేదు.

ఇంగ్లండు ప్రసారాలలో వచ్చిన వృత్తులన్నిటిలోకీ పేరు మోసినది "సాగర్ మేకర్స్ బాటమ్ నాకర్". ఇది స్టోక్ పరిసరాలలోని పింగాణీ కర్మాగారాలలోని పని. మన కుమ్మరి ఆవంలో కుండలను నేరుగా పేరుస్తాడు. పింగాణీని అట్లా పెడితే పొగా మంటా తగిలి పాడవుతుంది. కనుక కాలినా చెడని మట్టితో గట్టి పెట్టెలు చేసి, వాటిలో గిన్నెలు సర్ది కొలిమిలో పేరుస్తారు. ఆ మట్టిపెట్టె సాగర్. పెట్టె చేసేవాడు నేర్పరి. దాని అడుగుబిళ్ళను ఇనుపచట్రంలో మట్టి వేసి కొయ్యసుత్తితో మోది చదును చేసేవాడు అతని సహాయకుడు, తరచు కుర్రవాడు. ఆ సహాయకుని ఉద్యోగం పేరే ఇది. ఇంగ్లీషులో ఆ పేరు వింటే వెకిలి అర్థం స్ఫురించి జనం నవ్వారు. అయితేనేం, అంతవరకు స్టోక్ దాటి ఎవరికీ తెలియని పని పేరు దేశమంతటికీ తెలిసింది. తరువాత కొలిమిలు మారిపోయినవి, ఆ పనీ మాయమయింది. పేరు మాత్రం ఈనాటికీ ఇంగ్లీషువారి నోట మిగిలి ఉన్నది. మన చేతిపనుల పేర్లు ఎన్ని ఇట్లా మిగిలినవో, ఎన్ని ఎవరూ అడగక పోయినవో లెక్క తీసినవారు లేరు.

జర్మనీలో రాబర్ట్ లెంబ్కె ఈ ఆటను "వాస్ బిన్ ఇహ్?" అన్న పేరుతో 1955లో మొదలుపెట్టాడు. నేను ఏమిటి అని అర్థం. అమెరికావారు పని ఏమిటని అడిగితే జర్మనులు మనిషి ఏమిటనే అడిగారన్నమాట. అక్కడ అట్టముక్కలు లేవు. రంగురంగుల పందిపిల్ల హుండీలు ఉండేవి. అతిథి తనకు నచ్చిన రంగుది ఎంచుకుంటే, కాదన్నప్పుడల్లా లెంబ్కె అందులో ఐదు మార్కుల నాణెం ఒకటి టంగుమని వేసేవాడు. ప్రశ్నకర్తలలో ఒకాయన న్యూరెంబర్గ్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటరు. పగలు కోర్టులో, రాత్రి ఇక్కడ, రెండు చోట్లా ప్రశ్నలే. నడుమ 1958 నుంచి 1961 వరకు ఆగినా, 1989 జనవరిలో లెంబ్కె కన్నుమూసేవరకు ఆ ఆట నడిచింది.

అమెరికాకు తిరిగి వద్దాము. గుడ్‌సన్, టాడ్‌మన్ ఇదే మూసలో మరి రెండు ఆటలు తీశారు. 1952లో వచ్చిన "నాకొక రహస్యం ఉంది" అన్న అర్థం గల ఆటలోకి 1956 ఫిబ్రవరిలో తొంభై అయిదేళ్ళ వృద్ధుడు ఒకాయన కర్ర పట్టుకుని వచ్చాడు. పేరు శామ్యూల్ సీమర్. ఆయన రహస్యం ఏమిటంటే, ఐదేళ్ళ బాలుడుగా 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్ నాటకశాలలో కూర్చుని లింకన్ హత్య కళ్ళారా చూశాడు. చూసినవారిలో ఆనాటికి మిగిలినది ఆయన ఒక్కడే. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే ఆయనా పోయాడు. టెలివిజన్ ఒక్క క్షణం ఆ పాత శతాబ్దం చెయ్యి పట్టుకున్నట్లు ఉంటుంది ఆ ఫిల్ము.

1950ల చివర అమెరికాలో పెద్ద ప్రశ్నోత్తర పోటీల గుట్టు బయటపడింది. "ట్వెంటీ వన్" అనే పోటీలో 1,29,000 డాలర్లు గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్, జవాబులు తనకు ముందే చెప్పారని 1959 నవంబరులో అమెరికా పార్లమెంటు ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. ఆ గాలికి అనేక పోటీలు ఎగిరిపోయినవి. "వాట్స్ మై లైన్?" నిలిచింది. 50 డాలర్ల కోసం ఎవడు మోసం చేస్తాడు?

అయితే ఆ కార్యక్రమానికి తగలవలసిన మచ్చ అంతకు ముందే తగిలి ఉన్నది. మొదటి రాత్రి కూర్చున్న నలుగురి పేర్లు ఇవి: డొరొతీ కిల్‌గాలెన్, డాక్టరు రిచర్డ్ హాఫ్‌మన్ అనే మానసిక వైద్యుడు, హెరాల్డ్ హాఫ్‌మన్ అనే న్యూజెర్సీ మాజీ గవర్నరు, లూయీ అన్‌టర్‌మయర్ అనే కవి. వైద్యుడూ గవర్నరూ త్వరలోనే తప్పుకున్నారు. ఆ మాజీ గవర్నరు 1954లో మరణించాడు. ఆయన కూతురికి రాసిపెట్టిన ఉత్తరం వల్ల, బ్యాంకు సొమ్ము మూడు లక్షల డాలర్లకు పైగా ఆయన అపహరించినట్లు అప్పుడు తెలిసింది. ఇతరుల పని ఏమిటని చిరునవ్వుతో అడుగుతూ కూర్చున్న నాడు ఆయన గుండెలో ఏముందో ఏ ప్రశ్నకూ చిక్కలేదు.

ఇక కవి. అన్‌టర్‌మయర్ 1885లో న్యూయార్కులో పుట్టాడు. తండ్రిగారిది నగలు చేయించే వ్యాపారం. అందులోనే పనిచేస్తూ, తీరిక వేళ కవిత్వం రాసి, 1923లో ఆ వ్యాపారం వదలి పూర్తిగా రచనకు దిగాడు. ఆయన కూర్చిన ఆధునిక కవితా సంకలనాలు అమెరికా బడులలో తరాల తరబడి చదివారు. యౌవనంలో వామపక్ష పత్రికలలో రాసినవాడు. 1950 జూన్‌లో "రెడ్ ఛానెల్స్" అనే చిన్న పుస్తకం ఒకటి వెలువడింది. రేడియో, టెలివిజన్ రంగాలలో కమ్యూనిస్టులతో సంబంధం ఉన్నదని వారు అనుమానించిన 151 మంది పేర్లు అందులో అచ్చువేశారు. నేరం లేదు, విచారణ లేదు. ఫలానా సభకు వెళ్ళాడు, ఫలానా మహజరు మీద సంతకం పెట్టాడు అన్న జాబితా మాత్రమే. అందులో అన్‌టర్‌మయర్ పేరు ఉన్నది.

కార్యక్రమానికి సొమ్ము పెట్టేది ఒక చెమట మందు కంపెనీ. ఉత్తరాలు రాసాగినవి. ఇతణ్ణి ఉంచితే మీ సరుకు కొనము అన్న బెదిరింపు ముందు అందరూ వంగిపోయారు. 1951లో ఆయన కుర్చీ బెన్నెట్ సెర్ఫ్‌కు వచ్చింది. ఒక పుస్తకం మీది నిషేధాన్ని తొలగించడానికి కోర్టుకు వెళ్ళిన సంస్థ వారే, ఒక కవిని నిషేధించగా ఖాళీ అయిన చోట కూర్చున్నారు. సెర్ఫ్ కుట్ర చేశాడని మేము అనడం లేదు. ఆ కాలం అట్టిది అనుకుని ఊరుకున్నవారే ఎక్కువ. ఎంత పెద్ద నేరారోపణకైనా పది "కాదు"లు చెప్పుకునే అవకాశం ఆ ఆటలో అతిథికి ఉన్నది. ఆ ఆట ఆడినవాడికి ఒక్కటి కూడా దక్కలేదు.

నాటకకర్త ఆర్థర్ మిల్లర్ ఆయనకు ఇరుగుపొరుగు స్నేహితుడు. 1987లో వెలువరించిన తన ఆత్మకథలో ఆ వృత్తాంతం రాశాడు. అన్‌టర్‌మయర్ అంతటి మాటకారి, సభలంటే ఉబలాటపడే మనిషి, ఆ దెబ్బ తిన్నాక ఏడాదికి పైగా ఇల్లు కదలలేదట. ఇది చదివినప్పుడు మాకు మనవారిలో చాలామంది గుర్తుకువచ్చారు. మిల్లు మూతపడ్డాక, ఉద్యోగం పోయాక, సంఘం సభలకు రావడం మానేసినవారిని మనం ఎరుగుదుము. వచ్చినవారు ఏ లైనులో ఉన్నారని అడుగుతారేమోనని భయం. మనం కూడా కారణం అడగకుండా, ఈ మధ్య కనపడడం లేదేమిటని ఒకరితో ఒకరం అనుకుని ఊరుకుంటాము.

1961లో అమెరికా జాతీయ గ్రంథాలయం అన్‌టర్‌మయర్‌ను కవిత్వ సలహాదారుగా నియమించింది. ఆ దేశంలో కవికి ఆనాడు ప్రభుత్వం ఇవ్వగల పెద్ద గౌరవం అది. రెండేళ్ళు ఆ పదవిలో ఉండి, 1977లో తొంభై రెండేళ్ళ వయసున మరణించాడు. టెలివిజన్ కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. మార్క్ గుడ్‌సన్ 1991లో, తన మరణానికి సుమారు రెండు సంవత్సరాల ముందు, న్యూయార్కు టైమ్స్ వారి ఆదివారం పత్రికలో ఆనాటి బహిష్కరణలను గురించి ఒక వ్యాసం రాశాడు. నేను ఇంకా ముందే లేచి నిలబడి ఉంటే అన్న అర్థం వచ్చే శీర్షిక దానికి పెట్టాడు. నలభై ఏళ్ళ తరువాత అనవచ్చు. అప్పటికైనా అన్నాడు గదా అని కూడా అనవచ్చు.

తక్కిన కథ త్వరగా చెప్పి ముగిస్తాము. 1956 మార్చి 17న, ప్రశ్నకర్తలలో ఒకడైన హాస్యనటుడు ఫ్రెడ్ ఆలెన్ రాత్రివేళ వీధిలో కూలి మరణించాడు. మరునాడే ప్రసారం. ఆట ఆపలేదు, ఆయనను తలచుకుని నడిపారు. 1965 నవంబరు 7 ఆదివారం రాత్రి డొరొతీ కిల్‌గాలెన్ ఎప్పటివలెనే వచ్చి ప్రశ్నలు వేసి ఇంటికి వెళ్ళింది. తెల్లవారి ఆమె ప్రాణంతో లేదు. పై ఆదివారం ఆమె లేకుండానే ఆట సాగింది. 1967లో చివరి ప్రసారంలో కళ్ళకు గంతలు కట్టుకున్నవారి ఎదుటికి వచ్చిన ప్రసిద్ధ వ్యక్తి జాన్ డేలీయే. గొంతు మార్చి తన ప్రశ్నలకు తానే అధ్యక్షుడై జవాబు చెప్పాడు.

ఆ రోజులలో ప్రసారమంతా ప్రత్యక్షంగా జరిగేది. టెలివిజన్ తెరను ఫిల్ము కెమెరాతో చిత్రించి దాచేవారు, దాచినవి కూడా కొంతకాలానికి పారేసేవారు. 1952 నడుమ నుంచి వాటిని భద్రపరచడానికి గుడ్‌సన్, టాడ్‌మన్ తమ ఖర్చుతో ఏర్పాటు చేసుకున్నారు. అందువల్ల తరువాతివి చాలా మటుకు దక్కినవి. అంతకు ముందువి, అంటే అన్‌టర్‌మయర్ ఉన్న నాటివి, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మాత్రమే మిగిలినవి. 1950 ఫిబ్రవరి 2 నాటి మొదటి రాత్రిది మిగిలింది. బొమ్మ మసక, అంచులు వంకర. టోపీలు దాచే పిల్ల వచ్చి తన పేరు రాస్తుంది. ఆ నలుగురిలో కవి కూడా ఉన్నాడు.